లోహిత్ మోసిన కబుర్లు

అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం మానేసి నెల దాటింది. తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు, ఇద్దరికీ కలిపి ఒకటే వంటిల్లు. ఒకరు స్టవ్ దగ్గరుంటే రెండోవారు గుమ్మంలో ఆగేవారు. మాటలు మానేసినా చెప్పాల్సినవి మాత్రం ఆగవు. పాలు విరుగుతాయి, గ్యాస్ అయిపోతుంది, స్కూలు బస్సు ముందే వచ్చేస్తుంది. వాటన్నిటికీ లోహిత్ ఉన్నాడు. వాడికి ఆరేళ్లు.

"మీ అమ్మతో చెప్పరా, పులుసులో ఉప్పు వేసేశానని," అనేది జయలక్ష్మి. కోడలు గుమ్మం పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది.

"నానమ్మతో చెప్పు, బీపీ ఉన్నది ఆవిడకేనని," అనేది ఉదయశ్రీ, తల ఎత్తకుండా.

జయలక్ష్మి కాకినాడలో ప్రభుత్వ బాలికల హైస్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. చిన్నకొడుకు సందీప్ దగ్గరికి వచ్చాక పొద్దున్నే మనవడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సరళీ స్వరాలు చెప్పేది. కొన్నాళ్లకు వాడికి మాట తడబడటం మొదలైంది. తెలుగు, ఇంగ్లీషు, పైన ఈ స్వరాలు, ఇన్ని ఒక్క బుర్రలో పట్టవని ఉదయశ్రీ పాఠం ఆపించింది. ఇంట్లో ఇక ఇంగ్లీషే అంది. క్లబ్‌హౌస్‌లో కీబోర్డు క్లాసుకి చేర్పించింది.

"వాడికి నత్తి నా స్వరాల వల్ల వచ్చిందా?" అని జయలక్ష్మి కొడుకుని అడిగింది.

సందీప్ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి, "కాల్‌లో ఉన్నానమ్మా," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడ కోడలితో మాట్లాడలేదు. కోడలూ మాట్లాడించలేదు. ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం కూడా వారం తిరక్కుండా పోయింది. అత్తగారికి పంపే కబురు ఇంగ్లీషులో పంపితే అందదు.

కబురు మోసేవాడికి మాట రాదు. అదీ చిక్కు. వంటింటి గుమ్మంలో నిలబడి "నా... నా... నా..." దగ్గరే ఆగిపోయేవాడు. ఉదయశ్రీ వాచీ చూసుకునేది. వాడు ఆ వాచీ వైపు చూసేవాడు, ఉన్న మాట కూడా పోయేది. ఒకరోజు జయలక్ష్మి మందులు అయిపోయాయి. వాడు మొదటి అక్షరం దగ్గరే నిలిచిపోతే వెనకనుంచి ఆవిడే అంది.

"పాడి చెప్పరా. మోహన రాగంలో."

వాడు పాడాడు. నానమ్మ మందులు అయిపోయాయి, రేపటికి లేవు. ఒక్క అక్షరం తడబడలేదు. జయలక్ష్మి మనవడిని చూడలేదు. కోడలి మొహం చూసింది. ఉదయశ్రీ చేతిలో కత్తి ఆగింది. అత్తగారికి కావలసింది అదే.

అప్పట్నుంచి కబుర్లన్నీ పాటలయ్యాయి. ఉదయశ్రీ కాదనలేదు. వాడి నోట మాట పూర్తిగా వస్తోంది, పైగా తను అనదలచుకున్నదీ చేరుతోంది. ఉప్పూ గ్యాసూ అయ్యాక కబుర్లు వేరే దారి పట్టాయి.

పనిమనిషి రాజమ్మ గిన్నెలు తోముతూ ఒకసారి నవ్వింది. "ఏందమ్మా ఇది? ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉంటరు. నడుమ పోరనితోని పాటలు పాడిస్తుండ్రు. వానికేమన్న జీతమిస్తుండ్రా?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నారు ఇద్దరూ. ఆ నెలలో ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

నల్లగండ్ల వైపు ఒక స్కూల్లో ఒకటో తరగతి సీటు కోసం శనివారం పిలిచారు. పిల్లవాడితో మాట్లాడి చూస్తారు. మాట్లాడలేకపోతే సీటు లేదు, ఉన్న స్కూల్లోనే ఇంకో ఏడాది యూకేజీ. సందీప్‌కి ఆఫీసులో ఆ రోజే సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నానమ్మ లేనిదే లోహిత్ లోపలికి రానన్నాడు. అలా అత్తాకోడళ్లిద్దరూ కారెక్కారు. ఉదయశ్రీ నడిపింది. దారి పొడుగునా ఇంగ్లీషులో జవాబులు వల్లె వేయించింది. వెనక సీట్లో జయలక్ష్మి వాడి చెవిలో సా, పా అందించింది.

స్కూల్లో ప్రశ్నలు అడిగే ఆవిడ పేరు పుణ్యవతి. బల్లకి అవతల కూర్చుంది, ఇవతల లోహిత్. పెద్దవాళ్లిద్దరికీ గోడ పక్కన కుర్చీలు వేశారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చున్నారు.

పేరేమిటని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"లో... లో... లో..."

పుణ్యవతి తొందరపెట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది. ఉదయశ్రీ వేళ్లు హ్యాండ్‌బ్యాగు పట్టీని మెలిపెట్టాయి. మరికాస్త ఆగితే పేరు వచ్చేదేమో. జయలక్ష్మి ఆగలేకపోయింది.

"పాడి చెప్పరా నాన్నా."

వాడు పాడాడు. పేరు, ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు. పుణ్యవతి పెన్ను కింద పెట్టింది. ఇంగ్లీషు వదిలి తెలుగులోకి వచ్చింది.

"బాగుందే. ఇంట్లో రోజూ ఏం పాడతావు? అది పాడు."

జయలక్ష్మి సర్దుకుని కూర్చుంది. గీతం ఎత్తుకుంటాడనుకుంది. కోడలు నిషేధించాక కూడా బాల్కనీలో రెండు గీతాలు నేర్పింది.

లోహిత్ తొడ మీద తాళం వేస్తూ మోహనలో మొదలుపెట్టాడు.

అమ్మతో చెప్పు, కన్నంత మాత్రాన పెంచడం రాదని. నానమ్మతో చెప్పు, ఆవిడ పెంచినవాడు కాల్‌లోంచి బయటికి రాడని. అమ్మతో చెప్పు, ఈ ఇల్లు నా కొడుకుదని. నానమ్మతో చెప్పు, ప్రగతి నగర్‌లో ఇంకో కొడుకున్నాడని, వాళ్లూ ఉంచుకోలేదని.

శ్రుతి తప్పలేదు. జయలక్ష్మి చెవికి మొదట తెలిసింది అదే. గాంధారం సరిగ్గా నిలబెట్టాడు. మాటలు ఆ తర్వాత తెలిశాయి. పక్కకి చూడలేదు. పక్కనున్నావిడ కూడా ఇటు చూడలేదు.

అమ్మతో చెప్పు, వీడికి నత్తి నీ వల్లేనని. నానమ్మతో చెప్పు, నీ వల్లేనని.

అక్కడ వాడు ముక్తాయింపు ఇచ్చినట్టు చెయ్యి తిప్పి ఆపేశాడు. మెచ్చుకుంటారని ముగ్గురి వైపూ చూశాడు.

పుణ్యవతి ఫైలు మూసింది. "మూడు నెలలాగి తీసుకురండి. పాడకుండా ఒక్క వాక్యం చెప్పాలి. ఎంతసేపు పట్టినా పరవాలేదు, నేను కూర్చుంటాను. చెప్పలేకపోతే మాత్రం యూకేజీయే." లేచాక మళ్లీ అంది. "మీరిద్దరూ రండి. ఈ ఖాళీ కుర్చీ మాత్రం మధ్యలో వెయ్యనండి. గది చిన్నది."

కారు స్కూలు గేటు దాటింది. మలుపు దగ్గర ఉదయశ్రీ అద్దంలోకి చూసింది. కొడుకుని కాదు.

"అత్తయ్యగారూ, రేపట్నుంచి ఏదన్నా ఉంటే నాతోనే చెప్పండి."

"చెప్తే వింటావా?"

"వినను. అయినా నాతోనే చెప్పండి."

"అయితే ఇప్పుడే చెప్తా. వాడు మాట్లాడుతుంటే వాచీ చూసుకుంటావు చూడు, అది మానెయ్."

"మీరు పాడించడం మానేయండి. వాడు నోరు తెరిస్తే చాలు, వెనకనుంచి అందిస్తారు."

"నేను పాడించకపోతే ఈపాటికి మూగవాడయ్యేవాడు."

"మీరు రాకముందు గడగడా మాట్లాడేవాడండీ."

"నేను రాకముందు నువ్వింట్లో ఉన్నదెప్పుడు, వినడానికి?"

"మీ అబ్బాయిని అడగండి ఆ ముక్క."

"వాడినెందుకు? నిన్నే అడుగుతున్నా."

"నాకు మీ మొహం చూడాలని లేదు. నిజంగానే చెప్తున్నా."

"నాకు మాత్రం ఉందా? సిగ్నలు పడింది, బ్రేకు వెయ్."

ఉదయశ్రీ బ్రేకు వేసింది. లోహిత్ ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి చూపు తిప్పాడు. తనని ఎవరూ ఏమీ మొయ్యమనలేదు. కిటికీ వైపు తిరిగాడు. బయట కడుతున్న టవరు, దాని మీద క్రేను.

"క్రే... క్రే..."

జయలక్ష్మి నోరు తెరిచింది. అద్దంలో కోడలి కళ్లు తన మీదే ఉన్నాయి. నోరు మూసుకుంది. ఉదయశ్రీ చూపు డ్యాష్‌బోర్డు మీది గడియారం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"క్రే... క్రే... క్రే..."

పచ్చ లైటు పడింది. వెనక బండ్లు హారన్లు మోగించాయి. ఉదయశ్రీ కారు కదపలేదు. ఎవడో పక్కనుంచి దూరి, అద్దం దించి తిట్టిపోయాడు. ఇద్దరూ ఆ తిట్లు పడ్డారు.

"...క్రేను తి... తిరుగుతోంది," అన్నాడు లోహిత్.

"అవును," అంది జయలక్ష్మి.

"అవును," అంది ఉదయశ్రీ, గేరు వేస్తూ. "అన్నట్టు అత్తయ్యగారూ, బాల్కనీలో గీతాలు నేర్పుతున్నారని నాకు తెలుసు."

"తెలిస్తే తెలియనీ. మానను."

"చూద్దాం."

"చూడు."