రెండువేల ఇరవై ఒకటో నంబరు ఇల్లు

ఆ భవనంలో పొద్దున్నే కుళాయిలు తిప్పగానే చప్పుళ్ళు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెడతాయి. ఒక ఇంటి నంబరు ఏ పెద్ద నంబరును శేషం లేకుండా భాగిస్తే, ఆ పెద్ద నంబరింట్లో దీని చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. పన్నెండులో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే ఇరవైనాలుగువాళ్ళు టీవీ ఆపి మరీ వింటారు. పాపం, ఒకటో నంబరు గదిలో ఉండే వాచ్‌మన్ తాత తుమ్మినా అందరికీ తెలిసిపోతుంది. ఆయనకు మాత్రం ఎవరి చప్పుడూ వినపడదు.

ఒక టైలరమ్మ అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, నలభైమూడు ఎక్కంలో పడే నంబరేదైనా ఖాళీ ఉందా అని అడిగింది. విడిపోయిన మొగుడు కూతురితో నలభైమూడులోనే ఉంటున్నాడు. పిల్లతో మాట్లాడకూడదని కోర్టు చెప్పింది గానీ, వినకూడదని చెప్పలేదు కదా.

"అవన్నీ నిండిపోయాయమ్మా," అన్నాడు మేనేజరు. "రెండువేల ఇరవై ఒకటి ఉంది. ప్రధాన సంఖ్య. మూడు, ఏడు, పదమూడు, ఏదీ పోదు దాంట్లో. ముప్పైఏడు దాకా నేనే చేసి చూశాను. తాత తుమ్ములు తప్ప ఇంకేం వినపడవు, హాయిగా నిద్రపోవచ్చు."

కనీసం ఒకే కప్పు కింద ఉంటాను కదా అని చేరింది. మొదటి సాయంత్రమే గోడలోంచి, "నాన్నా, జుట్టు లాగకు" అని వినిపించింది. టైలరమ్మ మిషను ఆపేసి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నలభైమూడు నలభైఏడులు రెండువేల ఇరవై ఒకటి. మేనేజరు ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే తెలిసేదే. నలభైఏడులోని పెద్దాయన గురక కూడా దాంతోపాటే వచ్చి పడింది.

అలా వింటూ కుట్టుకుంటూ బతుకుతుండగా, ఒకరోజు పిల్ల అడిగింది. "నాన్నా, అమ్మ గొంతు ఎలా ఉండేది? నాకు గుర్తు రావట్లేదు."

"మరిచిపో తల్లీ. మనల్ని వద్దనుకునే వెళ్ళిపోయింది."

టైలరమ్మ కుడుతున్న బట్ట పక్కన పడేసింది. చెప్పులైనా వేసుకోకుండా కిందికి దిగింది.

"తాతా, నీ గదిలో ఒక్క మాట చెప్పుకోనివ్వు," అంది గుమ్మం బయట నిలబడి.

"కోర్టువాళ్ళు ఊరుకుంటారా తల్లీ?" అంటూనే ఆయన పక్కకు జరిగాడు.

ఆమె లోపలికెళ్ళింది. "పండూ, నేను అమ్మని. నిన్ను నేనెప్పుడూ వద్దనుకోలేదమ్మా. ఇక్కడే ఉన్నాను."

పిల్ల ఏమందో ఆ గదిలో వినపడదు. ఆ బదులు వినాలన్న ఆత్రంలో మెట్లన్నీ పరుగున ఎక్కి, తన గోడకు చెవి ఆనించింది. నలభైమూడులో చిన్న చప్పుడైనా లేదు.

అంతలో అదే గోడలోంచి తాత గొంతు గట్టిగా వినిపించింది. "అమ్మాయ్, పాప నీకోసం ఇక్కడికి పరిగెత్తుకొచ్చింది. త్వరగా దిగు."

వెనకాలే పిల్ల గొంతు. "అమ్మా, ఎక్కడున్నావు?"

ఆ తర్వాత "పద" అన్న పిల్ల తండ్రి గొంతు.

టైలరమ్మ దిగుతుంటే ప్రతి అంతస్తులోనూ జనం బయటికొచ్చి, గోడకు ఒదిగి దారి ఇచ్చారు. కింద తాత ఒక్కడే ఉన్నాడు.

"నీ గొంతు గుర్తుపట్టింది తల్లీ. కారెక్కించేదాకా అదే చెబుతూ ఉంది," అన్నాడు. "సామాన్లకి మనిషిని పంపుతానని అతను తాళాలు నాకిచ్చి వెళ్ళాడు."

తాత గదిలోకెళ్ళి ఆమె తలుపు వేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఇంటింటా వినిపించింది. నలభైమూడులో వినడానికి ఎవరూ లేరు.