ఎనిమిదీ పది బస్సు

పద్దెనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాక ఆవిడకి రోడ్డు మీద కోపం రావడం మానేసింది. అడ్డదిడ్డంగా దూసుకొచ్చే స్కూటర్లవాళ్ళని తిట్టదు, హారన్ మీద చెయ్యి వేసి కూర్చోదు. "ఇంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా నీకు?" అని కండక్టరు అడిగితే, "ఓర్పు కాదు నాయనా, కోపాన్ని పోగేసుకుంటున్నాను. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అనేది.

పనికొచ్చే రోజు రానే వచ్చింది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో మేడ మీద గదిలో ఉంటుంది. తమ్ముడూ మరదలూ ఇద్దరూ ఆసుపత్రిలో నర్సులు, ఒకరు ఇంట్లో ఉంటే ఇంకొకరు డ్యూటీలో. అంచేత పిల్లలిద్దరి జ్వరాలూ, పరీక్షలూ, పేచీలూ అన్నీ మేనత్త చేతి మీదుగానే నడిచాయి. పదహారేళ్ళ మేనకోడల్ని ఇంట్లో పెద్దది అంటారు. మేనత్త పోలిక అచ్చుగుద్దినట్టు దిగింది, ముఖంలోనే కాదు, ముక్కు మీది కోపంలో కూడా. పదకొండేళ్ళ మేనల్లుడు చిన్నోడు. వాడికి కాస్త నత్తి. మాట పెదవి దాకా వచ్చి, గుమ్మం ముందు కొత్త చుట్టంలా కాసేపు తటపటాయించి, అప్పుడు బయటికొచ్చేది. వచ్చాక మాత్రం మంచి మాటే వచ్చేది.

ఆ ఏడు బడి తెరిచిన నెలకల్లా చిన్నోడు మాట్లాడ్డం మానేశాడు. ఏది అడిగినా తలూపడం, లేదంటే వేలు చూపించడం. గొంతు నొప్పేమోనని మేనత్త మూడు రోజులు వేణ్ణీళ్ళు పుక్కిలింపించింది. నాలుగో రోజు సాయంత్రం వాడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పెద్దది వచ్చి పక్కన నిలబడింది.

"వాడికి గొంతు నొప్పి కాదత్తా. వాళ్ళ చరిత్ర మాస్టారు రోజూ వీణ్ణే లేపి పాఠం చదివిస్తాడట. వీడెక్కడ ఆగితే ఆయనా అక్కడే ఆగి, 'రా... రా... రాజుగారు వ... వ... వచ్చారా?' అంటాడట. క్లాసంతా పడీ పడీ నవ్వుతుందట. ఇప్పుడు బళ్ళో అందరూ వీణ్ణి 'రారాజు' అని పిలుస్తున్నారు. నాన్నకి చెప్తే చంపుతానని వాడు నాతో గుసగుసగా అన్నాడు. నీకు చెప్పొద్దని మాత్రం అన్లేదు."

ఇస్త్రీపెట్టె కింద చొక్కా కమురు వాసన కొట్టేదాకా మేనత్త చెయ్యి కదల్లేదు.

తొందరపడి గొడవకి దిగే మనిషి కాదు కాబట్టి, ముందు చెయ్యాల్సిన పని చేసింది. సెలవు పెట్టి, ఉతికిన బట్టలు కట్టుకుని బడికెళ్ళింది. హెడ్మాస్టరు మర్యాదగా కూర్చోబెట్టి చరిత్ర మాస్టారికి కబురు పంపాడు. ఆయన వచ్చాడు. రంగు వేసి నున్నగా దువ్విన జుట్టు, చంకలో తోలు సంచీ.

ఆయన్ని చూడగానే ఆవిడ గుర్తుపట్టింది. ఎనిమిదీ పదికి గడియారపు స్తంభం స్టాపులో ఎక్కే మనిషి. రోజూ ఆలస్యంగానే వస్తాడు. సందు మలుపులో సంచీ పైకెత్తి ఊపుతూ పరిగెత్తుకొస్తాడు. మూడేళ్ళుగా ఆవిడ అర నిమిషం బస్సు ఆపి మరీ ఎక్కించుకుంటోంది.

ఆయన మాత్రం ఆవిణ్ణి ఎన్నడూ చూడనట్టే చూశాడు.

"సరదాకండీ అదంతా," అన్నాడు నవ్వుతూ. "నలుగురూ నవ్వితే బిగువు వదులుతుంది. మీ వాడి మంచికే. ఇలాంటి పిల్లల్ని ముద్దు చేస్తే మొద్దులవుతారు."

ముద్దూ మొద్దూ కలిసినందుకు హెడ్మాస్టరు కూడా నవ్వాడు.

"అలాగేనండీ," అని ఆవిడ లేచి వచ్చేసింది. గేటు దాటుతుంటే లోపల ఏదో చల్లగా, నిబ్బరంగా సర్దుకుంది. 'మూడేళ్ళు నా వీపు వెనకాల కూర్చున్నాడు, ఒక్కనాడూ నా ముఖం చూళ్ళేదు. మంచిది,' అనుకుంది.

సోమవారం ఎనిమిదీ పది. స్టాపులో ఉన్నవాళ్ళు ఎక్కేశారు. సందు మలుపులో తోలు సంచీ కనిపించింది.

"అక్కా, మాస్టారు!" అన్నాడు కండక్టరు.

"టైమయింది," అంది ఆవిడ, గేరు వేసింది.

రూలు ప్రకారం తప్పేమీ లేదు. టైముకి కదలమనే రూలు. ఆగడమన్నది ఆవిడ మంచితనం. ఆ మంచితనాన్ని వెనక్కి తీసుకుంది, అంతే. పక్క అద్దంలో ఆయన సంచీ ఊపుతూ, ఊపుతూ, ఆవగింజంతయిపోయాడు. తర్వాతి బస్సు ఇరవై అయిదు నిమిషాలకి గానీ రాదు.

సాయంత్రం పెద్దది మేడ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. "అత్తా! చరిత్ర మాస్టారికి హెడ్మాస్టరు రిజిస్టర్లో ఎర్రసిరాతో గీత పెట్టాడట!"

"అయ్యో పాపం," అంది మేనత్త. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని విరగబడి నవ్వారు.

మంగళవారం ఇంకో ఎర్రగీత. బుధవారం ఇంకోటి. గురువారం ఆయన అయిదు నిమిషాలు ముందే వచ్చి, ఇవాళ నన్నెవరు ఆపుతారన్నట్టు నిలబడ్డాడు. ఆవిడ బస్సుని బెత్తెడు అటూ ఇటూ కాకుండా, ముందు తలుపు సరిగ్గా నీళ్ళ గుంటకి ఎదురుగా వచ్చేలా ఆపింది. పద్దెనిమిదేళ్ళ పనితనం ఊరికే పోతుందా? ఆయన చీలమండ దాకా దిగబడి, బూటులో నీళ్ళు చప్పుడు చేస్తుండగా పైకొచ్చాడు.

అసలు సంగతి విన్నాక కండక్టరూ ఊరుకోలేదు. అతనికీ బళ్ళో చదివే కూతురుంది. "జరగండి మాస్టారూ. ఇంకాస్త. పెద్దవారు, ముందుండాలి," అంటూ ఆయన్ని ఇంజను మూత పక్కకి, నిలబడితే కాలు కాలే చోటికి నెట్టుకొచ్చేవాడు. ఆయన అక్కడ నిలబడ్డాక ఆవిడ ప్రతి స్టాపులోనూ బ్రేకు కాస్త గట్టిగానే తొక్కేది.

పగబట్టిన మనిషికి నిద్ర పట్టదంటారు. ఆవిడకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టేది. అన్నం రుచిగా ఉండేది. "వదినా, నీ ముఖం కళకళలాడిపోతోంది, ఏంటి సంగతి?" అని మరదలు అడిగితే, "గాలి మారింది," అంది.

పదకొండో రోజు పొద్దుటి నుంచీ వాన. ఆయన తడుస్తూ పరిగెత్తుకొచ్చి తలుపు కమ్మీ అందుకున్నాడు. ఆవిడ అద్దంలో చూసింది. చూసీ బస్సు కదిలించింది. ఆయన కాలు జారి మోకాళ్ళ మీద బురదలో పడ్డాడు. ఒక్క క్షణం, ఎండలో నడిచొచ్చి చన్నీళ్ళు తాగినంత హాయి కలిగింది ఆవిడకి. మరుక్షణం నేల మీద ఆనిన ఆయన చెయ్యి కనిపించింది. ఆ చేతికీ వెనక చక్రానికీ మధ్య జానెడు లేదు.

ఆవిడ బ్రేకుని చివరికంటా తొక్కేసింది. జనం కేకలు వేశారు. కండక్టరు దిగి ఆయన్ని లేపాడు. ఆయన కుంటుకుంటూ ముందుకొచ్చి, కిటికీలోంచి తలెత్తి, మొట్టమొదటిసారి డ్రైవరు ముఖంలోకి చూశాడు. "నీ అంతు చూస్తాను," అన్నాడు.

ఆ రోజు పెద్దదానికి ఆవిడ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగో రోజు డిపోలో విచారణ. మేనేజరు గది గుమ్మం దాటితే గోడ తగిలేంత ఇరుకు. అందుకని డ్రైవర్లు టీ తాగే పొడుగాటి గదిలో బల్ల వేశారు. డ్యూటీలు మారే వేళ కావడంతో పాతిక మంది టీ గ్లాసులు పట్టుకుని గోడల వెంట నిలబడ్డారు.

మేనేజరు ఫిర్యాదు కాయితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "మీ రాత గొలుసుకట్టులా ఉంది మాస్టారూ. మీరే చదివేయండి, గట్టిగా."

ఆయన లేచి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం కాకుండానే ఆవిడ చెయ్యెత్తింది. "వినిపించట్లేదండీ. మళ్ళీ మొదట్నుంచి."

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

"నిటారుగా నిలబడి చదవండి మాస్టారూ. మింగేస్తున్నారు మాటల్ని."

గోడల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కాయితం తిప్పాడు, వరస తప్పాడు. "స... సదరు డ్రైవరు... స... సకాలంలో..."

"స... స... సదరు డ్రైవరు," అంది ఆవిడ, ఆయన ఆగినచోటల్లా ఆగి, "స... స... సకాలంలో ఏం చేసిందండీ?"

గదంతా ఘొల్లుమంది. ఒకతనికి టీ పొలమారింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆవిడ ఆ తెరిచిన నోటిని తనివితీరా చూసింది.

"సరదాకండీ," అంది. "నలుగురూ నవ్వితే బిగువు వదులుతుంది."

అప్పటికి వెలిగింది ఆయనకి. "మీరు... ఆ పిల్లవాడి..."

"మేనత్తని."

మేనేజరు బల్ల మీద కొట్టి అందర్నీ బయటికి పంపాడు. ఆవిడ సంజాయిషీ రెండు ముక్కల్లో చెప్పింది. "ఆయన పడిన రోజు తప్పు నాదే. దానికి ఏ శిక్షయినా వెయ్యండి, సంతకం పెడతాను. మిగతా పది రోజులకీ మాత్రం నా నోటెంట క్షమాపణ రాదు." పదిహేను రోజుల సస్పెన్షన్, ఆ తర్వాత వేరే రూటు. పద్దెనిమిదేళ్ళలో మొదటి మచ్చ. ఆవిడ అక్కడికక్కడే సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి ఈ కథంతా అభినయంతో సహా చెప్పింది. పెద్దది చప్పట్లు కొట్టింది. చిన్నోడు మాత్రం చివరిదాకా విని మేడ మీదికి వెళ్ళిపోయాడు. మూడు రోజులైనా వాడి ముఖం విప్పారకపోయేసరికి, ఆవిడ వాణ్ణి తన గదికి పిలిచింది.

"ఏరా, నీకు సంతోషంగా లేదా?"

"ఇ... ఇప్పుడాయన నన్ను..."

"తిడుతున్నాడా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "నన్ను అ... అ..."

"అందరి ముందూ కొట్టాడా?"

"నువ్వాగత్తా!" వాడు అరిచాడు. ఆ అరుపులో నత్తి లేదు. "ఆయన వె... వెక్కిరిస్తాడు. నువ్వేమో నా మాట లా... లాక్కుంటావు. ఎవరూ నన్ను పూ... పూర్తి చెయ్యనివ్వరు."

ఆవిడ నోరు మూసుకుంది. మాటలు వచ్చిన నాటి నుంచీ ఆ పిల్లాడి నోట్లోంచి ఎన్ని వందల మాటలు ప్రేమ కొద్దీ తీసేసుకుందో అప్పుడు తెలిసొచ్చింది. మంచం అంచున కూర్చుంది. వాడు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నాలుకని పళ్ళ మధ్య పెట్టుకుని విన్నది.

సంగతేమిటంటే, విచారణ తర్వాత మాస్టారు వాణ్ణి అసలు చదవమనడమే మానేశాడు. వరసగా అందరూ చదువుతారు, వీడి వంతు రాగానే ఆయన వేలు పక్క పిల్లాడి మీదికి వెళ్తుంది. వీడు బల్ల మీది మరకతో సమానం అయిపోయాడు.

"మళ్ళీ వెళ్ళి ఆయన సంగతి చూస్తాను," అని లేచింది ఆవిడ.

"వద్దు. ఈసారి నే... నేను."

సస్పెన్షన్లో మిగిలిన రోజులన్నీ సాయంత్రాలు వాడు చదవడం, ఆవిడ వినడం. కష్టం వాడిది కాదు, ఆవిడది. మాట వాడి పెదవి మీద ఆగినప్పుడల్లా ఆవిడ కాలు, అక్కడ లేని బ్రేకుని నొక్కేది. మూడోనాటికి తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది. వాడి నత్తి తగ్గలేదు. తగ్గించుకోవాలని వాడూ అనుకున్నట్టు లేదు. ఆగినచోట తొందరపడకుండా ఆగడం మాత్రం వాడికి వచ్చేసింది.

కొత్త రూటులో ఎక్కిన రెండో రోజు. ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి చిన్నోడు గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. పెద్దది ఏదో చెప్పబోతే నోరు మూయించాడు.

"వరస నా దగ్గరికొచ్చింది. ఆయన ప... పక్కవాణ్ణి లేపాడు. నేను లే... లేచి నిలబడ్డాను. 'నా వంతు సార్' అన్నాను. కూ... కూర్చోమన్నాడు. కూర్చోలేదు. మొదలుపెట్టేశాను."

ఆవిడ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

"వాళ్ళు నవ్వారు. ఆగాను. న... నవ్వడం అయ్యాక మళ్ళీ చదివాను. మళ్ళీ నవ్వారు. మళ్ళీ ఆగాను. తర్వాత వాళ్ళకి వి... విసుగొచ్చింది. ఆయన గడియారం చూశాడు. నే... నేను చూళ్ళేదు. పాఠం మొత్తం చదివాను. గంట కొట్టారు. అయినా ఇంకో పే... పేరా ఉంది. 'చాలు' అన్నాడు. 'ఇంకా అ... అయిపోలేదు సార్' అన్నాను."

"ఆయన వెళ్ళిపోయాడా?" అనేసి ఆవిడ నాలుక కరుచుకుంది.

"వెళ్ళలేదు. గు... గుమ్మం దగ్గర హెడ్మాస్టరు నిలబడి వింటున్నాడు. ఈయనకి క... కదలడానికి లేదు. చెమటలు పట్టేశాయి." చిన్నోడి ముఖంలో అచ్చంగా మేనత్త పోలిక తొంగిచూసింది. "అక్కడక్కడ కావాలనే ఇం... ఇంకొంచెం ఎక్కువ ఆగాను."

పెద్దది ఫక్కున నవ్వింది. మేనత్తకి నవ్వుతోపాటు కాస్త కుళ్ళు కూడా కలిగింది. పదకొండు రోజులు బస్సుతో తను కుస్తీపట్టి చెయ్యలేని పని వీడు ఒక పాఠంతో, కూర్చోకుండా చేసి పారేశాడు. వాడి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి, "మరి రేపో?" అంది.

వాడు తొందరపడలేదు. ఆవిడా తొందరపెట్టలేదు.

"రే... రేపు దీని తర్వాతది. అది ఇం... ఇంకా పెద్ద పాఠం."