విమానం నీడ

"చాయ్ ఇచ్చి లోపటికి పో. సారుతోని నేను మాట్లాడ్త" అన్నాడు నా భర్త గోవర్ధన్, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అప్పటికే నేను కోళ్ల గుడిసె ఊడ్చి, నీళ్ల తొట్లు కడిగి, రెండు వందల నాటుకోళ్లకు జొన్నలు చల్లాను. మూడేళ్లుగా రోజూ ఇదే పని. మందులు కలపని మేత వేస్తాను. ఇక్కడ పొదిగిన పిల్లనే పెంచుతాను. ఏ రోజు ఏం చేశానో పుస్తకంలో రాస్తాను. ఇవాళ సేంద్రియ సర్టిఫికెట్‌కు ఆఖరి తనిఖీ. అది వస్తే ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్ మా గుడ్లు కొంటుంది. రావిర్యాల దారిలోని ఈ ఎకరం మా అమ్మ పసుపుకుంకుమ కింద నాకు రాసిచ్చింది. దరఖాస్తులో రైతు పేరు మాత్రం గోవర్ధన్. "ఆడోళ్ల పేరు పెడితే ఆఫీసోళ్లు ఎవలతోని మాట్లాడుతరే?" అన్నాడు ఆ రోజు. "కోళ్లకు గింజలేసుడు గూడ ఒక పనేనా" అని నవ్వింది మా అత్త శివమ్మ. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఇంటిపనుల్లో ఒకటని అప్పటికే నేర్పారు.

నిన్న జొన్నలకు పోయి వచ్చేసరికి కోళ్ల సంఖ్య సరిపోయింది గానీ ముఖాలు కొత్తగా ఉన్నాయి. గోవర్ధన్ అరవై కోళ్లను దోస్తు ఇంట్లో దావత్‌కు పంపేసి, మైలార్‌దేవ్‌పల్లి నుంచి అదే రంగువి తెచ్చి కలిపేశాడు. అవి ఏ మందులు మింగాయో ఎవరికి తెలుసు?

"కోడికి కోడి. ఎవడు గుర్తుపడ్తడు?" అన్నాడు.

"నేను గుర్తుపట్టిన గద."

"నీ మాట ఎవడింటడు? పుస్తకంల మాత్రం రాయకు."

పది గంటలకు ఇన్‌స్పెక్టర్ అరుణ్‌కుమార్ వచ్చాడు. "రోజుకు మేత ఎంతండీ?" అని అడిగితే, గోవర్ధన్ తల తిప్పకుండానే "ఏయ్, ఎంత?" అన్నాడు. నేను చెప్పాను. అదే మాట సారుకు అప్పజెప్పాడు. ఆరు ప్రశ్నలకూ అంతే. నాకూ ఇన్‌స్పెక్టర్‌కూ మధ్య రెండడుగులే, అయినా నా మాట గోవర్ధన్ నోటి గుండానే పోవాలి.

"పనివాళ్లు ఎంతమంది?"

"ఎవ్వరు లేరు సార్. అంత నేనే."

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. అతనికి చాయ్ ఇస్తున్న నా గోళ్లలో ఇంకా కోళ్ల రెట్ట ఉంది.

అప్పుడే ఒక విమానం దిగుతూ మా మీదుగా వెళ్లింది. నీడ దొడ్డిలో పాకింది. నూట నలభై కోళ్లు తలెత్తకుండా గింజలు ఏరుకుంటున్నాయి. అరవై మాత్రం అరుస్తూ సర్కారు తుమ్మల కిందికి దూరాయి.

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. "అవెందుకలా పరుగెత్తాయి?"

"ఆడుకుంటున్నయ్ సార్."

ఇన్‌స్పెక్టర్ తలాడించి సంతకం పేజీ తిప్పాడు. నేను నోరు మూసుకుంటే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. నా మూడేళ్లు గోవర్ధన్ పేరు మీద గోడకెక్కుతాయి. రేపటి నుంచి ఆ అబద్ధాన్ని కూడా నేనే మేపాలి.

"ఆడుకుంటలేవు సార్" అన్నాను. "ఇక్కడ పుట్టినయి విమానం నీడకు బెదరవు. గద్ద అనుకొని ఉరికినయి బయటి కోళ్లు. నిన్ననే తెచ్చిండు."

"ఇజ్జత్ తీస్తున్నది" అంది అత్త గడపలోంచి.

"లోపటికి పో" అన్నాడు గోవర్ధన్ పళ్లు బిగించి.

"అయితే ఈ దరఖాస్తు చెల్లదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తరవాత నా వైపు తిరిగి, "ఇంతకీ మీరెవరండీ?" అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను. చెప్పిన మాట విన్నాననుకుని గోవర్ధన్ ఊపిరి పీల్చుకున్నాడు. మూడేళ్ల పుస్తకం, నా పేరున్న పట్టా పాస్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టాను. నిన్నటి పేజీలో ఆ అరవై కోళ్ల సంగతి రాసే ఉంది.

"కొత్త ఫారం ఇయ్యుండ్రి సార్. మళ్ల మూడేండ్లయినా సరే. రైతు పేరు స్వరాజ్యం."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు పుస్తకం తిరగేసి, కొత్త ఫారం తీశాడు. "పనివాళ్లు?"

ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూశాను.

"ఎవ్వరు లేరు సార్."