ఉత్త కాళ్ళతో మొనాకో

ఓడ దిగకముందే దేదీప్య తల్లికి షరతులు పెట్టింది. రోడ్డు మీద గట్టిగా మాట్లాడకూడదు. కనబడ్డ ప్రతి గోడ ముందూ నిలబెట్టి ఫోటోలు తీయకూడదు. బ్యాగులోంచి చేగోడీల డబ్బా బయటికి రాకూడదు.

"డోంట్ ఎంబరాస్ మీ అమ్మా, ప్లీజ్. లేకపోతే నేను షిప్‌కి బ్యాక్ వచ్చేస్తా," అంది.

పదిహేనేళ్ళ పిల్ల ఇంత పెద్దరికం చూపిస్తే ఇంకో తల్లయితే నాలుగు చీవాట్లు పెట్టేది. ఉష మాత్రం బుద్ధిగా తలూపింది. ఊపక ఏం చేస్తుంది? హైస్కూల్లో చేరినప్పటి నుంచీ ఆ పిల్ల తల్లి పక్కన నడవడం మానేసింది. అమెరికాలో వాళ్ళుండే అరోరాలో గుడికి వెళ్ళినా, సరుకులకు కాస్ట్‌కోకి వెళ్ళినా నాలుగడుగులు ముందుండాల్సిందే. ఈ క్రూజ్‌లో బార్సిలోనాలోనూ అంతే, మార్సెయిలోనూ అంతే. ఇన్నాళ్ళూ ఉష చూసింది ఊళ్ళను కాదు, కూతురి వీపును. ఈవేళ భర్త లోకేష్ ఆఫీస్ కాల్ ఉందంటూ కేబిన్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుండిపోయాడు. మిగిలింది తల్లీకూతుళ్ళే. ఒక్క పూటైనా కూతురి పక్కన నడవాలి, కడుపునిండా కబుర్లాడాలి. ఉష కోరికల్లా అదే.

మొనాకోని చూడగానే ఆవిడ నడక ఆపేసింది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ, దాని నెత్తిన రాజుగారి కోట, చుట్టూ కొండవాలంతా ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్న మేడలు. రేవు నిండా తెల్లటి యాట్‌లు, కోటీశ్వరుల సొంత ఓడలు. కొన్నయితే అరోరాలో వాళ్ళ ఇంటికన్నా పెద్దవి. అంత బండ ఎక్కాలేమోనని హడలిపోయింది గానీ, రాతిని తొలిచి లోపల లిఫ్టులు పెట్టారు. ఎవరైనా ఎక్కొచ్చు, అడిగేవాడు లేడు. కొండకే లిఫ్టు పెట్టించిన వాళ్ళ బుర్రకు ఉష మనసులోనే జోహార్లు చెప్పింది. పైన సముద్రం అంచునే తోటలు, నీడలో బెంచీలు, ఎండుటాకు ఒక్కటైనా కనబడని దారులు.

"ఎంత శుభ్రంగా పెట్టుకున్నారే," అంది గొంతు తగ్గించి. వినడానికి దేదీప్య పక్కన ఉంటేగా.

తోట దాటగానే తెల్లరాతి చర్చి వచ్చింది. దేదీప్య చకచకా మెట్లెక్కి లోపలికి పోయింది. ఉష వెనకాలే వెళ్ళి, గడప ముందు ఆగి, చెప్పులు విడిచి గోడ వారగా సర్ది, లోపలికి నడిచింది. ఆలోచించి చేసిన పని కాదు. గుంటూరులో చిన్నప్పుడు పక్కింటివాళ్ళతో క్రిస్మస్‌కి చర్చికి వెళ్ళినా చెప్పులు బయటే వదిలేవాళ్ళు. ఏ దేవుడి గడప కనబడినా ఆవిడ కాళ్ళు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. లోపల చల్లటి నేల, రంగుటద్దాల్లోంచి పడే వెలుగు, మెడ నొప్పెట్టేంత ఎత్తున కప్పు. వాటిని చూస్తూ ఆవిడ ఒళ్ళు మరిచిపోయింది. చుట్టూ అందరూ బూట్లతోనే తిరుగుతున్న సంగతి గమనించనే లేదు.

బయటికొచ్చేసరికి చెప్పుల్లేవు. గోడ వారంతా నున్నగా తుడిచి ఉంది. వీధి చివర చెత్త ఊడ్చే బండి ఒకటి మూల తిరిగి మాయమైంది. ఈ ఊరికి ఇంత శుభ్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉషకు అప్పుడర్థమైంది.

ఈ సంగతి దేదీప్యకు తెలిసిందా, ఈ పూట ఇక్కడితో సరి. ఆ పిల్ల ఎదురుగా గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటోంది. అదృష్టం బాగుండి ఆవేళ వేసుకున్నది నేలను తాకే లంగా లాంటి స్కర్టు. నడుం దగ్గర కాస్త కిందికి లాగితే కాలివేళ్ళు కూడా కనబడవు. లాగింది.

"పద దీపూ, కోట చూద్దాం," అంది ఏమీ ఎరగనట్టు.

విచిత్రంగా దేదీప్య ముందుకు పరుగెత్తలేదు. పక్కనే నడిచింది. "ఈ సైడ్ రా అమ్మా. సన్‌లో నాకు ఫోన్ కనబడట్లేదు," అని సందులన్నిట్లోనూ నీడ పట్టునే నడిపించింది. కోట ముందున్న ఖాళీ స్థలం మిట్టమధ్యాహ్నపు ఎండలో పెనంలా కాలుతోంది. అది దాటడం ఎలాగా అని ఉష దిగులు పడుతుంటే, "అంత క్రౌడ్‌లోకి వద్దు, గార్డ్స్‌ని ఇక్కడ్నుంచే చూద్దాం," అంది. తెల్ల దుస్తుల్లో బొమ్మల్లా నిలబడ్డ భటులనూ, వాళ్ళ వెనక మెరిసే కోటనూ ఉష నీడలో నిలబడి తనివితీరా చూసింది. కూతురికి గుంపులు నచ్చకపోవడం ఎంత మేలైందనుకుంది.

దిగే దారి ఇటుకల వాలు. మలుపులో ఒక బోర్డు మీద ఉత్త పాదం బొమ్మ, దానికి అడ్డంగా ఎర్రగీత. ఈ ఊళ్ళో చెప్పుల్లేకుండా తిరగకూడదట. బోర్డు పక్కనే పోలీసు. ఉష స్కర్టును ఇంకాస్త కిందికి లాగి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే దేదీప్య పోలీసు ఉన్న వైపుకు వచ్చి, తల్లి చేయి పట్టుకుని, స్నేహితురాలు అదితి తనతో ఎందుకు మాట్లాడటం మానేసిందో చెప్పడం మొదలెట్టింది. ఇంట్లో ఎన్నిసార్లడిగినా "నథింగ్" అని తలుపేసుకున్న సంగతది. అరికాళ్ళు భగభగమంటున్నాయి గానీ ఉష ప్రాణం హాయిగా ఉంది. ఆ వాలు ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండుననిపించింది.

కింద రేవు గట్టున యాట్‌లు వరసగా కట్టేసి ఉన్నాయి. ప్రతి యాట్ మెట్ల ముందూ ఒక బుట్ట, బుట్ట నిండా చెప్పులు.

"ఇదేంటే, మనింటి గుమ్మంలా ఉంది?"

"డెక్ మీద ఫ్లోర్ పాడవుతుందని షూస్ విప్పేస్తారు. ఎవరైనా సరే," అంది దేదీప్య.

అంతలో ఒక యాట్ మీద నుంచి ముత్యాల దండ వేసుకున్న ముసలావిడ ఒట్టి కాళ్ళతో దిగి, బుట్టలో తన చెప్పులు వెతుక్కుంది. గాలికి ఉష స్కర్టు అంచు లేచింది. మట్టి కొట్టుకుపోయిన పాదాలు బయటపడ్డాయి. ముసలావిడ వాటిని చూసి ఆప్యాయంగా నవ్వి, "మీది ఏ యాట్?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఉషకు నేల చీలితే బాగుండుననిపించింది. దేదీప్య మాత్రం నదురూ బెదురూ లేకుండా రేవు చివర కొండలా నిలబడ్డ క్రూజ్ షిప్‌ని చూపించింది. "దట్ వన్. ద బిగ్ వన్."

ముసలావిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయాక ఉష మెల్లగా అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"చర్చ్ దగ్గరే. నువ్వు స్కర్ట్ లాగుతుంటే చూశా."

నీడ పట్టున నడకా, గుంపు వద్దనడమూ, పోలీసుకు అడ్డం రావడమూ ఉషకు ఒక్కొక్కటే అర్థమయ్యాయి. "మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు సారీ సారీ అని షిప్‌కి వెళ్ళిపోదాం అంటావ్." దేదీప్య తల దించుకుంది. "నాకు నీతో ఇంకా తిరగాలని ఉంది అమ్మా."

ఉష ఇందాకటి నుంచీ కిందికి లాగి పట్టుకున్న స్కర్టును వదిలేసి, రెండు చేతులతో కూతురి చేయి పట్టుకుంది. "కాళ్ళు కాలిపోతున్నాయే," అంది.

"తెలుసు. అక్కడ షేడ్ ఉంది. రన్ చేద్దామా?"

మొనాకో రేవు గట్టున అంతమంది చూస్తుండగా ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నీడ దాకా పరుగెత్తారు.