యాభై దగ్గర ముల్లు

"ఏమోయ్, నా మాస్కు కడిగావా?" అన్నారు మా ఆయన, పడవ బల్ల మీద కాళ్ళు బారజాపుకుని. కడిగాను. చుక్క షాంపూ వేసి మరీ రుద్దాను, లేకపోతే నీళ్ళలో అద్దానికి ఆవిరి పట్టి ఆయనకు చేపలు కనబడవు. ఆయన రబ్బరు సూటు తిరగేసి ఆరేసింది కూడా నేనే. సెలవు పెట్టింది ఆయన కదా మరి.

మూడు రోజులుగా ఇద్దరం జతగా పగడాల దిబ్బ దగ్గర నీళ్ళలోకి దిగుతున్నాం. ఒంటరిగా ఎవరినీ దింపరు. వీపున కట్టుకునే గాలి సిలిండరు నిండుగా ఉంటే మీటరు ముల్లు రెండొందలు చూపిస్తుంది. ఎవరి ముల్లు ముందు యాభైకి వస్తే, వాళ్ళతో పాటు జతవాళ్ళూ పైకి రావాలి. ప్రతిసారీ ఆయన ముల్లే. కనబడ్డ ప్రతి చేప వెంటా పడి, ఆయాసపడి, అరగంటలోపే గాలంతా తాగేస్తారు. నాకప్పటికి ఇంకా నూట ఇరవై ఉంటుంది. దిబ్బ చివర పెద్ద బండ ఉంది. అక్కడ పెద్ద చేపలు వరసలో ఆగి, వేలెడంత చేపల చేత పళ్ళు శుభ్రం చేయించుకుంటాయట. మూడుసార్లూ ఆ బండ కనబడీ కనబడకముందే ఆయన నా భుజం తట్టి, ఇక పైకి పోదామని బొటనవేలు పైకి చూపించారు.

"నీ మీటరు పాడైందోయ్. ఇంత గాలి మిగలడమేంటి?" అని నిన్న నాతో సిలిండరూ మీటరూ కూడా మార్చుకున్నారు. అయినా నాకే మిగిలింది.

"ఇంత నిదానంగా ఊపిరి తీసుకోవడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగింది మా గైడు, నెరిసిన జుట్టావిడ. ఇంట్లోనే, అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. ఉయ్యాల్లో పిల్ల లేవకుండా, మంచం పట్టిన మామగారికి నిద్ర చెడకుండా, ఆయన ఫోనులో ఉంటే గిన్నె చప్పుడవకుండా, ఇరవై రెండేళ్ళు ఊపిరి బిగబట్టే తిరిగాను. ఎంతో ఇష్టపడి చేరిన లైబ్రరీ ఉద్యోగం ఆయనకు బదిలీ అయిందని మానేశాను. "వాడెక్కడుంటే నువ్వూ అక్కడే కదమ్మా" అన్నారు అత్తగారు, అదేదో నాకు వరమైనట్టు.

ఇవాళ ఆఖరిసారి దిగడం. ఆయన మాస్కు ఆయన చేతికిచ్చి, గైడు వైపు తిరిగాను. "ఈసారి నాకు మీరు జతగా రండి. ఆయన్ని పడవలో ఉన్న రెండో గైడుతో పంపండి."

"అదేంటి? మధ్యలో నా గాలి అయిపోతే?" అన్నారు ఆయన.

"బొటనవేలు చూపించండి. ఆ గైడు మీతో పైకొస్తాడు."

దిబ్బ పొడవునా చేపలే చేపలు. పసుపు చారలవి గుంపులుగా పక్కకి తప్పుకుని దారిచ్చాయి. చిలుకముక్కు చేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకరమని వినబడింది. బండ దగ్గర మనిషంత చేప నోరు తెరుచుకుని, తన వంతు కోసం ఓపిగ్గా ఆగింది. ఓ బుల్లి నీలం చేప ఆ నోట్లో దూరి, పళ్ళ సందులు తోమి, దొరికింది తిని, కడుపు నింపుకుని బయటికొచ్చింది. చాకిరీ చేసినదానికే భోజనం! నీళ్ళలోనే నవ్వేశాను. నా భుజం ఎవరూ తట్టలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గుండెల నిండా గాలి పీల్చాను, మళ్ళీ పీల్చాను, బుడగలు గలగలా పైకి పోయాయి.

గైడు నా మీటరు వైపు వేలు చూపించింది. ముల్లు యాభై మీద ఉంది.

బొటనవేలు పైకెత్తాను. నా గాలి అయిపోయిందని నేను పైకి రావడం అదే మొదటిసారి.