కడిగిన రీలు

సన్యాసమ్మ ఇంట్లోకి బయటూరి వస్తువేదీ నీళ్లు తగలకుండా రాదు. కొడుకు పోలరాజు, కోడలు తవిటమ్మ కలకత్తా చూసి తమ ఊరు పర్సుడీహ్‌లో దిగిన రోజున సంచులు, చెప్పులు, చివరికి కొత్తగా కొన్న గొడుగు కూడా కుళాయి కింద స్నానం చేశాయి. కాళీఘాట్ ప్రసాదం ఒక్కటే తప్పించుకుంది.

మర్నాడు పోలరాజు డ్యూటీకి పోతూ గుమ్మంలోంచి కేకేశాడు. "అమ్మా, గూట్లో కెమేరా రీలుంది. కడిగించాల. జాగర్త!"

సన్యాసమ్మకి అందులో ఒక్క మాటే పనికొచ్చింది. అతను తిరిగొచ్చేసరికి పసుపునీళ్లలో మునిగి లేచిన రీలు పెరట్లో చేటలో ఎండుతోంది.

"అరే బాప్‌రే! క్యా కర్ దియా అమ్మా!"

"ఏటైందిరా? కడగాలన్నావు, కడిగాను. దానికి బయటోడెందుకు? నాను లేనేటి?"

పోలరాజు తల పట్టుకున్నాడు. తవిటమ్మ మాత్రం పొయ్యి ముందు కూర్చుని, మండుతున్న పొయ్యినే ఊదుతోంది.

ఆ రీల్లో ఆమెకి కావలసింది ఒక్కటే బొమ్మ. వాళ్ల పెళ్లికి కుదిర్చిన ఫొటో ఆయన వానకి జడిసి రానేలేదు. మొగుడూ పెళ్లాలు కలిసున్న ఫొటో ఆ ఇంట్లో లేదు. కలకత్తాలో విక్టోరియా మేడ ముందు ఒక బెంగాలీ పెద్దాయన కెమేరా అందుకుని, ఇంకా దగ్గరగా, ఇంకా దగ్గరగా అని చేత్తో సైగ చేశాడు. వీధిలో పక్కన నడవడానికే మొహమాటపడే పోలరాజు అప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. క్లిక్కుమనగానే కాలిన రేకు ముట్టుకున్నట్టు తీసేశాడనుకోండి. అయినా వేశాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టి తవిటమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. 'జూలో తీసిన పులులు పోతే పోనీ, వంతెన పోతే పోనీ. అదొక్కటీ రానియ్యి తల్లీ.' లోకాలన్నీ చూసుకునే తల్లికి ఇంత చిన్న మాట చెప్పొచ్చా అని ఓ పక్క అనుమానం. చెప్పకపోతే ఆవిడకి ఎలా తెలుస్తుందని ఇంకో పక్క. అత్తగారు ఆ చెయ్యి చూస్తే ఏమంటుందోనన్న బెంగ సరేసరి.

పోలరాజు ఆ రీలే పట్టుకెళ్తే, స్టూడియో అతను బతికిన బొమ్మల్ని అచ్చువేసి ఇచ్చాడు. ఆదివారం పక్కింటి బంగారమ్మ చూడ్డానికి వచ్చింది.

"ఇదేట్రా, పులా?"

"కాదు పిన్నీ, ట్రాము."

"మరి ఇది?"

"హౌరా వంతెన."

"నీల్లలో మునిగిపోనాదేటి పాపం!"

సన్యాసమ్మ మూతి ముడుచుకుంది. పోలరాజు కవర్లోంచి చివరి ఫొటో తీశాడు. తీసి, చటుక్కున కిందికి దించబోయాడు. బంగారమ్మ లాక్కుంది.

ఫొటోలో ఒకపక్క తవిటమ్మ తల వంచుకుని నవ్వుతోంది. రెండో పక్క పాలు ఒలికినట్టు తెల్లటి మరక. ఆ తెలుపులోంచి వాచీతో ఒక చెయ్యి వచ్చి ఆమె భుజం మీద వాలింది.

"ఓలమ్మా! తవిటీ, ఎవుడిదే ఈ సెయ్యి?"

"నాదే," అన్నాడు పోలరాజు, చెవులు ఎర్రబడుతుంటే.

"మొకం ఏదీ మరి?"

"వాచీ సూడు పిన్నీ."

"ఇలాటి వాచీలు కంపినీలో అందరికీ ఉన్నాయి. మీ సిన్నాన్న కూడా అదే కడతాడు. అడగాల ఇంటికెల్లి."

తవిటమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, సందులోంచి అత్తగారినే చూస్తోంది. సన్యాసమ్మ ఫొటో తీసుకుని గుమ్మం వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"నా కొడుకుదే. సిటికినేలు ఒంకర సూడు, ఆల్ల బాబులాగ," అంది. తర్వాత కిసుక్కున నవ్వింది. "నలుగురిలో సెయ్యేసినాడా ఈడు! ఆల్ల బాబు నాతో బజారుకొత్తే, ఎవులో తెలీనట్టు మున్ముందు నడిచీవోడు."

తవిటమ్మ గుండె కుదుటపడింది. తల్లి నవ్వడంతో పోలరాజుకీ ధైర్యం వచ్చింది.

"పోనీలే, స్టూడియోకెల్లి మంచిది తీయించుకుందాం. ఇద్దరం సాఫుగా వత్తాం."

తవిటమ్మ అప్పుడు నోరు విప్పింది. "అక్కడ సెయ్యేత్తావా?"

పోలరాజు తల్లిని చూశాడు. బంగారమ్మని చూశాడు. వాచీ చూసుకున్నాడు.

"ఆ స్టూడియోవోడు మనకి తెలిసినోడు కదే..."

"అయితే నాకిదే సాలు," అని తవిటమ్మ అత్తగారి చేతిలోంచి ఫొటో తీసుకుంది.