కిటికీకి పెట్టిన కాపలా

అద్దాల పనివాడు ఇల్లు చేరేసరికి అతని భార్య మంచం పక్కన కూర్చుని అత్తగారి నడుముకి క్రీము రాస్తోంది. పక్షవాతం వచ్చి ఆరు నెలలుగా ముసలామె మంచం దిగలేదు. పక్క తడిసినప్పుడల్లా బట్టలు మారుస్తున్నా చర్మం ఎర్రబడుతోందని, ఇంటికొచ్చి చూసే నర్సమ్మ ఆ ట్యూబు ఇచ్చింది. పది రోజులకే ఎరుపు తగ్గుముఖం పట్టింది.

అతను ట్యూబు తిప్పి చూశాడు. చిన్న అక్షరాల మధ్య ఒక మాట దగ్గర అతని కళ్ళు ఆగిపోయాయి.

"సిలికోనా! కిటికీల సందుల్లో రోజూ నేను పెట్టే బంక ఇదే కదే! ఘాటుకి కళ్ళు మండుతాయి, చేతికంటితే ఓ పట్టాన వదలదు. దీన్ని అమ్మ ఒంటికి రాస్తున్నావా?"

"నర్సమ్మని ఓ మాట అడుగుదామండీ."

"ఇరవై ఏళ్ళుగా దాంతోనే బతుకుతున్నాను. ఆవిణ్ణి అడిగేదేంటి?"

మంచం మీది తల్లి నవ్వింది. "వాడికి తెలియదేంటే అమ్మాయ్! పారేయ్. లేకపోతే నన్ను కూడా గోడకి బిగించేస్తారు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ట్యూబు చెత్తబుట్టలో పడింది.

అతన్ని చెడ్డవాడనకండి. తల్లి మీద ఈగ వాలనివ్వని కొడుకు. మనలో చాలామందికున్న జబ్బే అతనికీ ఉంది. ఒక పనిలో చెయ్యి తిరిగితే పక్క పనికీ మనమే పెద్దలమనుకుంటాం.

క్రీముకి బదులు పౌడరు చల్లారు. అది తడికి ముద్దకట్టింది. మళ్ళీ ఎర్రబడుతోందని భార్య రెండుసార్లు చెప్పింది, ఇంకాస్త చల్లమన్నాడు. మూడో వారం నర్సమ్మ వచ్చి ముసలామెను పక్కకి తిప్పితే, నడుము కింద అరచేతి మేర చర్మం ఊడి పచ్చిపుండుగా ఉంది.

సంగతి విని నర్సమ్మ కేకలేయలేదు. "పేరు దగ్గరిదే బాబూ, సరుకు వేరు. మీ బంక గట్టిపడటానికి ఏవో కలుపుతారు, ఆ ఘాటు వాటిది. ఇది ఒంటికి రాయడానికే చేసింది. లోపలికి దాదాపు ఇంకదు, పైనే పల్చటి పొరలా నిలబడి తడిని ఆపుతుంది. ఎవరికైనా పడకపోతే మానేయాల్సిందే. మీ అమ్మగారికి పడింది కదా!"

"ఇప్పుడు రాస్తే?"

"పుండు మీద పనికిరాదు. రోజూ కట్టు మార్చాలి. మానడానికి నెలలు పట్టొచ్చు. ఇంతకీ కిటికీకి మీరు ఆ బంక ఎందుకు పెడతారు?"

"వాన నీళ్ళు దిగి చెక్క పాడవకుండా..."

అంటూనే అతను తల్లి పుండు వైపు చూశాడు. ఊళ్ళోవాళ్ళ కిటికీలకి పెట్టిన కాపలా కన్నతల్లి ఒంటి మీంచి తీసేశాడు.

కట్టు కడుతుంటే పళ్ళు బిగపట్టిన తల్లి, కొడుకు కన్నీళ్ళు చూసి, "ఊరుకోరా, నీకు తెలుసనే కదా అనుకున్నాం," అంది.

అతను ఆమె పాదాల మీద చెయ్యి వేశాడు.

"అడిగితే నా పెద్దరికం పోతుందనుకున్నాను. అడగనందుకు నీ చర్మం పోయిందమ్మా."